పగులుకు ఇవతల

“నేల వైపు నుంచి గాలి తిరిగితే ఏం చేస్తావు నాన్నా?” అని అడిగాను నా కూతుర్ని. అది ఇంకా బూట్లు కూడా విప్పలేదు. “మీరంతా గడ్డకట్టిన సముద్రం మీద, మంచు అంచున ఉంటారు. వెనకాల పగులు విచ్చుకుంటుంది. నీ వెంట ఉన్నవాళ్ళకి ఆ కోట్లలో పరుగెత్తడం కూడా రాదు. అప్పుడేం చేస్తావు?”

“ముందు టీ తాగనీ అమ్మా,” అంది కౌనాక్. “పని ఇచ్చారని చెప్పి ఇంకా ఊపిరి తీసుకోలేదు, నువ్వప్పుడే నన్ను సముద్రంలోకి తోసేశావు.”

నేనంతే. మా ఆయన జైపిటీ ఊళ్ళో నీళ్ళ లారీ నడుపుతాడు. ఆ లారీ మా మలుపు తిరగడం కాస్త ఆలస్యమైతే చాలు, అది బోల్తా పడి చక్రాలు గాల్లో తిరుగుతున్నట్టు నాకు కనిపిస్తుంది. విమానం శబ్దం వినిపిస్తే కూలుతుందేమోనని, వినిపించకపోతే కూలిందేమోనని. బళ్ళో నేను చదివింది తక్కువే. భయపడడంలో మాత్రం ఎవరూ నేర్పకుండానే పెద్ద చదువులు చదివేశాను.

కూతుర్ని నాన్నా అని పిలవడం నేను ముద్దుకి చేసే పని కాదు. మా నాన్న పేరు కౌనాక్. ఆయన పోయాక ఆ పేరు ఎవరికీ పెట్టనివ్వలేదు మా అమ్మ అపియా. చుట్టాలు ఎందరు అడిగినా ఇవ్వలేదు. నాకు ఈ పిల్ల పుట్టినప్పుడు ఒళ్ళోకి తీసుకుని, మొహంలోకి చాలాసేపు చూసి, తానే ఆ పేరు పెట్టింది. పేరుతో పాటు మనిషీ వస్తాడు. కాబట్టి నాకు ఇది నాన్న. మా అమ్మకి పెనిమిటి. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని “ఏమే, టీ పెట్టావా?” అని ఇది అరిస్తే, అరవై దాటిన మా అమ్మ “ఇదుగో, తెస్తున్నానయ్యా” అంటూ నవ్వుకుంటూ లేచేది.

ఆ సాయంత్రం మా అమ్మ మూలన కూర్చుని ఊరి రేడియోలో బింగో ఆడుతోంది. కౌనాక్ ఆమె ఎదుట చతికిలబడింది.

“ఏమే, విన్నావా? లాడ్జిలో గైడు పని ఇచ్చారు నాకు. వంటలూ గిన్నెలూ కాదు, అతిథుల్ని మంచు అంచు దాకా తీసుకెళ్ళే గైడుని. ఆడవాళ్ళలో నేనే మొదటిదాన్ని.”

మా అమ్మ చేతిలోని గింజని కార్డు మీద పెట్టింది. రేడియోలో పిలిచిన అంకె ఆ కార్డులో లేదు. నేను చూశాను. తరువాత మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ సాయంత్రం నుంచి కౌనాక్‌తో మాట్లాడడం మానేసింది. నాతో మాట్లాడేది, జైపిటీని తిట్టేది, బింగో పిలిచేవాడితో రేడియో ఎదుటే దెబ్బలాడేది. కౌనాక్ ఇంట్లోకి వస్తే మాత్రం నోరు కుట్టేసుకునేది.

“మొగుడూ పెళ్ళాల గొడవల్లోకి నేను రాను,” అన్నాడు జైపిటీ లారీ తాళాలు తీసుకుంటూ.

మా అమ్మ భయం మా ఇంట్లో అందరికీ తెలుసు. మా నాన్న కొమ్ము తిమింగలాల కోసం ఆ అంచుకే వెళ్ళాడు, ఈ నెలల్లోనే. వెళ్ళేముందు గుడారం గుమ్మంలో నిలబడి “రేపు మీకు మత్తాక్ తినిపిస్తా” అన్నాడు. మత్తాక్ అంటే తిమింగలం తోలు, మా అందరికీ ప్రాణం, నేను అప్పుడు గంతులేశాను కూడా. మావాళ్ళు అలా అనరు. చూసొస్తాను అంటారు. జంతువు తనంతట తాను వస్తే వచ్చినట్టు. నీ చేతిలో ఉన్నట్టు మాట్లాడితే అది వింటుంది. మాట ఇచ్చినవాడికి వెనక్కి తిరగడం కష్టం. ఆయన ఒక పగులు దాటాడు, దాటిన మంచు ఆయనతో సహా సముద్రంలోకి కొట్టుకుపోయింది. మా అమ్మ మంచుని ఎప్పుడూ తిట్టలేదు. ఆ మాటనే తిట్టేది.

“ఆమె పలకకుండా నేను గైడునెలా అవుతానమ్మా?” అంది కౌనాక్, వెళ్ళే రోజు మెట్ల మీద సామాను పెట్టుకుని. “పేరు ఆయనది. ఆయనకి తెలిసిన మంచంతా ఆమె నోటి నుంచే నేర్చుకున్నాను. ఆమె ఒక్కమాట అంటే చాలు.”

“ఏమని?”

“ఏదో ఒకటి. తిట్టినా సరే.”

లాడ్జిలో వంటకి మనిషి కావాలన్నారు. నేను వెళ్ళాను. నాకు వంట మీద అంత ప్రేమేం లేదు. లాడ్జి పెద్ద గైడు మోసెసీ, నాకు పెదనాన్న కొడుకు, నా సంచులు దింపుతూ అడిగాడు. “వంట చెయ్యడానికొచ్చావా రోడా, ఏడవడానికొచ్చావా?”

“రెండూ ఒక పొయ్యి మీదే చేస్తానన్నయ్యా. గ్యాసు కలిసొస్తుంది.”

లాడ్జి అంటే గులకరాళ్ళ కొన మీద వరసగా పసుపు గుడారాలు, మధ్యలో భోజనాలకి ఒక చెక్క గది, చుట్టూ ఎలుగుబంటి తగిలితే మోగే తీగ. అతిథులందరికీ ఒకే రకం ఎర్ర కోట్లు ఇస్తారు. ఆ నెలల్లో మా దగ్గర పొద్దు గుంకదు కాబట్టి వాళ్ళకి నిద్ర పట్టదు. కళ్ళకి నల్ల గుడ్డలు కట్టుకుని పడుకుని, అవి తీయడం మరిచిపోయి గుడారం గుంజలకి తలలు కొట్టుకునేవారు. నేను వాళ్ళకి చార్ చేప పులుసు పెట్టాను, బానక్ రొట్టెలు కాల్చాను, రొట్టె తిప్పిన ప్రతిసారీ కిటికీలోంచి మంచు వైపు చూశాను. మంచు మీద నడిచే స్కీడూ బండ్ల వెనక కట్టిన స్లెడ్జిలు చుక్కలై మాయమయ్యేదాకా చూసేదాన్ని. మళ్ళీ చుక్కలు కనిపించేదాకా తుడిచిన పళ్ళేలే మళ్ళీ తుడిచేదాన్ని.

మొదటి జట్టు అతిథులతో ఒకసారి టీ పట్టుకుని నేనూ అంచుకి వెళ్ళాను. అందరూ కప్పులు పట్టుకుని ఉండగా మంచు దిబ్బ వెనక నుంచి తెల్ల ఎలుగుబంటి లేచింది. ఈడర్ బాతుల కోసం ఎదురుచూస్తున్న అతిథులు దాన్ని ఆఖరున చూశారు. కౌనాక్ తుపాకి భుజం మీంచి తియ్యలేదు, అలాగని వదల్లేదు. కప్పు కింద పెట్టి, అతిథులకీ ఎలుగుకీ మధ్యకి నడిచి నిలబడింది.

“నీ దారి అటుంది తాతా,” అంది దానితో, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే. “మేం టీ తాగుతున్నాం. నీకు పెట్టడానికేం లేదు. అటు వెళ్ళు.”

అది ముక్కు ఎత్తి గాలి పీల్చింది. మా అందరి వాసనా ఒక్కొక్కరిది విడివిడిగా చూసుకుంది కాబోలు. తరువాత తల తిప్పి, పెద్ద పాదాలు లోపలికి వేసుకుంటూ, తొందరేమీ లేకుండా వెళ్ళిపోయింది. అతిథుల్లో ఒకాయన ఏడ్చాడు. నేను దాని వీపు చూశాను. నా కూతురి వీపు. దాని భుజాలు ఒక్కసారి కూడా పైకి లేవలేదు. నా భయం నాకుంది, దాని పక్కనే ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది ఆ రోజు. దానికి పేరు పెట్టడానికి నాకు సిగ్గేసింది.

రెండో జట్టుతో చిక్కొచ్చింది. వాళ్ళు దిగడంతోనే పొగమంచు కూడా దిగింది. గుడారం నుంచి గుడారానికి తాడు పట్టుకుని నడవాల్సి వచ్చింది. భోజనాల గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నా రొట్టెలు తిన్నారు.

అందులో డిర్క్ అని ఒకాయన, పిల్లవాడంత పొడుగు కెమెరా గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. మిస్ ఫెరియర్ అని స్కాట్లండ్ నుంచి ఒక పెద్దావిడ, బడి పంతులమ్మగా చేసి మానుకున్నావిడ, ప్రతిదీ అడిగేది. ఈ రొట్టెలో ఏముంది, ఆ పక్షి పేరేమిటి, మీ అమ్మాయికి పెళ్ళయిందా.

డిర్క్ మాత్రం ఒకటే అడిగేవాడు. “రేపు కొమ్ము తిమింగలాలు కనిపిస్తాయా?”

“ఏమో,” అనేది కౌనాక్.

“పొగమంచు పోతుందా?”

“ఏమో.”

మా మాటల్లో అది మర్యాద. తెలియనిదాన్ని తెలుసనకపోవడం. వాళ్ళకి అది నిర్లక్ష్యంలా వినిపించింది. లాడ్జి చూసుకునే డెనీజ్ మంచి మనిషి, నాకు నడుం నొప్పొస్తే తన పరుపు తెచ్చి ఇచ్చింది. ఆవిడ కౌనాక్‌ని పొయ్యి దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది.

“వాళ్ళు చాలా దూరం నుంచి వచ్చారమ్మా. కాస్త ధైర్యం చెప్పు చాలు. గైడు ఏమో అంటే, ఈ పిల్లకి ఏమీ రాదనుకుంటారు. నేను వాళ్ళకి నిన్ను ఎంత గొప్పగా చెప్పుకున్నానో తెలుసా?”

భోజనాల వేళ డిర్క్ మళ్ళీ అడిగాడు, అది మళ్ళీ ఏమో అంది. ఆయన అందరి వైపూ తిరిగాడు. “ఈ అమ్మాయిని పులుసులో ఉప్పుందా అని అడగండి. చెంచా నోట్లో పెట్టుకుని మరీ ఏమో అంటుంది.”

అందరూ నవ్వారు. కౌనాక్ కూడా నవ్వింది. దాని చెవులు ఎర్రబడ్డం నేను చూశాను. పళ్ళెం పక్కకి జరిపి లేచి నిలబడింది.

“పొగమంచు పలచబడుతోంది,” అంది. “రేపు మీకు తిమింగలాలు చూపిస్తాను.”

చప్పట్లు కొట్టారు. డిర్క్ బల్ల చరిచాడు. పెనం మీద రొట్టె మాడిన వాసన నాకు తరువాత తెలిసింది. మూలన తోలు పట్టీ కుడుతున్న మోసెసీ సూది గుచ్చినచోటే ఆపేశాడు.

బయటికి లాక్కుపోయాను దాన్ని. “ఏం మాటన్నావు నాన్నా?”

“తెలుసు.”

“వెళ్ళి వెనక్కి తీసుకో.”

“ఎలా తీసుకోను? చప్పట్లు కూడా కొట్టేశారు.”

మా దగ్గర సాయంత్రం రేడియో అని ఒకటుంది. ఊళ్ళో ఇళ్ళూ, మంచు మీద ఉన్న శిబిరాలూ అన్నీ ఒకే వేళకి పెట్టుకుంటాయి. ఎవరు ఎవరితో మాట్లాడినా అందరూ వింటారు. డెనీజ్ దగ్గర ఆకాశం ఫోను, అదే శాటిలైట్ ఫోను, ఉంది కానీ అందులో ఇద్దరే వింటారు, అదేం మాట? ఆ సాయంత్రం మిస్ ఫెరియర్ సరదాపడి తానూ మాట్లాడతానంది. మైకు పట్టుకుని, మేం నేర్పిన నాలుగు ముక్కలతో అందరినీ పలకరించి, తరువాత ఇంగ్లీషులో సంతోషంగా చెప్పేసింది. “రేపు కౌనాక్ మాకు తిమింగలాలు చూపిస్తానంది!”

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఇంకో శిబిరంలో ఎవరో పనిగట్టుకుని ఆ మాటని మా భాషలోకి తిప్పి చెప్పారు. చివరికి జైపిటీ గొంతు వినిపించింది.

“ఇక్కడ అందరం బాగున్నాం. అత్తయ్య ఇక్కడే ఉంది. విన్నది.”

అంతే. కౌనాక్ మైకు వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

పొద్దున్నకి పొగమంచు తొలగింది. కౌనాక్ చెప్పినట్టే. నాకు అది కూడా నచ్చలేదు. మోసెసీ స్కీడూకి బెల్టు తెగింది, అది బాగు చేసుకుంటూ లాడ్జిలో ఉండిపోయాడు. ముందు బండి కౌనాక్‌ది, వెనక బండి నేను నడిపాను. వేరేవాళ్ళు నడిపితేనే నాకు భయం, నేను నడిపితే వెనక కూర్చున్నవాళ్ళకి భయం. మిస్ ఫెరియర్ నా స్లెడ్జిలో కూర్చుని తాడు పట్టుకుని ఏదో పాట పాడింది, పళ్ళు టకటకలాడుతుంటే.

అంచుకి కాస్త ముందు ఒక పగులు ఉంది. జానెడు. మధ్యలో నల్లటి నీళ్ళు. అంతకంటే పెద్దవి ముందు జట్టుతో దాటారు, స్లెడ్జిని వంతెనలా వేసి. పగులుకు అవతల తెల్లటి మంచు చదునుగా సాగి, అది ఆగిన చోట సముద్రం మొదలైంది. అక్కడున్నాయి తిమింగలాలు.

ముందు ఊపిరి వినిపించింది. ముసలివాళ్ళు మెట్లెక్కి నిలబడి వదిలే ఊపిరిలాంటిది, ఒకదాని వెనక ఒకటి. తరువాత బూడిదరంగు వీపులు. తరువాత కొమ్ములు నీళ్ళలోంచి పైకి లేచి, ఒకదాని మీద ఒకటి మెల్లగా ఆనించుకుని, మళ్ళీ దిగాయి. నేనూ చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్నే, అయినా నోరు తెరుచుకుని ఉండిపోయాను. డిర్క్‌కి తొందరలో కెమెరా మూత ఊడి రావట్లేదు.

కౌనాక్ బండి ఆపి దిగింది. ఈటె కర్రని కొలతగా పగులుకి అడ్డంగా పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. కదలకుండా చూసింది. చేతికున్న తొడుగు తీసి వేళ్ళు గాల్లో పెట్టింది. పొద్దున్న సముద్రం నుంచి వచ్చిన గాలి ఆగిపోయింది. ఆగిన గాలి ఎటు లేస్తుందో ఎవరు చెప్తారు? అమావాస్య దగ్గరపడింది. ఆటుపోట్లకి నీళ్ళు బాగా లాగే రోజులు అవి. కర్ర చివర పగులు కాస్త పెరిగిందా, నాకే అలా అనిపించిందా, ఇప్పటికీ తెలీదు.

నాకు ఆ ఒక్కసారి భయం వెయ్యలేదు. అది తలుచుకుంటేనే నాకు ఇప్పుడు భయం. ఒక్క అడుగు నాన్నా, అనుకున్నాను. అదుగో, ఎదురుగానే ఉన్నాయి. దాటెయ్. నీ మాట నిలబడుతుంది. ఊరంతా విన్నది ఆ మాట.

కౌనాక్ లేచి కర్ర తీసుకుంది.

“వెనక్కి వెళ్తున్నాం,” అంది.

“వెనక్కా?” డిర్క్ పగులు వైపు చెయ్యి చూపించాడు. “నా కాలు ఇంతకంటే పొడుగుంటుంది!”

“ఉంటుంది.”

“మరి? ప్రమాదమా? మంచు విరుగుతుందా? నాకు సూటిగా చెప్పు.”

“ఏమో.”

“ఏమోనా! ఏమో అని చెప్పి నన్ను ఇక్కడి నుంచి వెనక్కి లాక్కెళ్తావా?”

“ఏమో కాబట్టే,” అంది కౌనాక్. తెలిస్తే దాటేదాన్ననీ అనలేదు, విరిగి తీరుతుందనీ అనలేదు. తరువాత అందరికీ వినపడేలా, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. “నిన్న మీకు చూపిస్తానన్నాను. అలా అనకూడదు. మా ఇంట్లో అనరు. తప్పు నాది, మంచుది కాదు. వెళ్ళేముందు ఇవతల నిలబడి ఎంతసేపు కావాలంటే అంతసేపు వినండి. బండి తాళాలు నా దగ్గరే ఉంటాయి. పగులు మాత్రం ఎవరూ దాటరు.”

డిర్క్ ఏదో తిట్టు తిట్టాడు, వాళ్ళ భాషలో. పొడుగు గొట్టంలోంచి అక్కడి నుంచే కొన్ని తీశాడు, నాకు చూపించాడు కూడా, కోపంగా. “చూడండమ్మా. దోమలు!”

మిస్ ఫెరియర్ స్లెడ్జి మీదే కూర్చుని కళ్ళు మూసుకుంది. ఒక్కో తిమింగలం ఊపిరి వదిలినప్పుడల్లా ఆవిడ కూడా పెద్దగా ఊపిరి వదలడం విన్నాను. మేం తిరిగి వస్తున్నప్పుడు మాత్రం ఆవిడ పాడలేదు.

ఆ మంచు ఆ రోజు విరగలేదు. మర్నాడూ విరగలేదు. డిర్క్ పొద్దున్నే లాడ్జి వెనక గుట్ట ఎక్కి దుర్భిణి పెట్టి చూసి, దిగి వచ్చి అందరికీ చెప్పాడు. “అక్కడే ఉంది. చెక్కు చెదరలేదు. బల్ల వేసుకుని భోజనం చెయ్యొచ్చు దాని మీద.”

“అవును, అక్కడే ఉంది,” అంది కౌనాక్, ఆయన కప్పులో టీ పోస్తూ. దాని గొంతులో వంకర లేదు. నేనైతే టీ ఆయన ఒళ్ళో పోసేదాన్ని.

డెనీజ్ మోసెసీని పిలిచింది. కౌనాక్ అక్కడే ఉంది, నేను గిన్నెలు కడుగుతున్నాను. ఆవిడ మొహం అలిసిపోయి ఉంది. అతిథులు సగంమంది గుర్రుగా ఉన్నారు, వాళ్ళని ఎవరు తీసుకెళ్ళాలో ఆవిడ తేల్చుకోవాలి. తేల్చుకుంటే అది ఆ సీజనంతటికీ తేలిపోయినట్టే. మా పిల్ల గైడుగా ఉంటుందో, నాతో గిన్నెలు తోముతుందో ఆ మాటతో తెలిసిపోతుంది.

“నువ్వు పొద్దున్న వెళ్ళి ఆ పగులు చూసొచ్చావు కదా. నిన్న నువ్వుండుంటే దాటేవాడివా మోసెసీ?”

మోసెసీ టోపీ తీసి తల గోక్కున్నాడు. కిటికీ వైపు చూశాడు. కౌనాక్ వైపు చూశాడు.

“ఏమో,” అన్నాడు.

డెనీజ్ బల్ల మీద నుదురు ఆనించి నవ్వడం మొదలుపెట్టింది, ఏడుస్తోందేమో అని నేను చేతులు తుడుచుకుని పరుగెత్తబోయాను. “మీ ఊరికంతా కలిపి ఒకటే మాటా? సరే. రేపు ఎవరు తీసుకెళ్తారు వీళ్ళని?”

మోసెసీ గడ్డంతో కౌనాక్‌ని చూపించాడు. కౌనాక్ కనుబొమలు ఎత్తింది. మాలో అవును అనడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ లాడ్జికి రావాలనుకునేవాళ్ళు ముందే అడుగుతారట, కౌనాక్ ఉంటుందా అని. వాతావరణం బాగుంటుందా, తిమింగలాలు వస్తాయా అని కూడా అడుగుతారట. డెనీజ్ ఏమో అంటుందట. ఊళ్ళో దుకాణంలో ఈ ముక్క నేను ఎవరికి చెప్పలేదో చెప్పడం కష్టం.

డెనీజ్ నవ్విన ఆ రోజు సాయంత్రానికి వస్తాను. రేడియో వేళయింది. మోసెసీ మైకు అందుకోబోతే కౌనాక్ తీసుకుంది. సీజను మొదలయ్యాక అది రేడియోలో ఊరితో మాట్లాడడం అదే మొదలు. ఇంకో శిబిరం వాళ్ళు చేపల గురించి చెప్పుకుంటుంటే అవి అయ్యేదాకా ఆగింది. నేను చేతిలో గరిట పట్టుకుని నిలబడ్డాను. నాకు అప్పుడు కూడా చెడ్డదే తోచింది. ముసలామె ఇంటి దగ్గర లేదేమో, ఉన్నా వినదేమో, విన్నా పలకదేమో. ఊరూ శిబిరాలూ అందరూ వింటుండగా నా పిల్ల మాట గాల్లో వేలాడుతుందేమో.

“నేను, కౌనాక్‌ని,” అంది. గొంతు సవరించుకుంది. “నిన్న మేం అంచు దాకా వెళ్ళాం. అక్కడో పగులుంది. తిమింగలాలు అవతల ఉన్నాయి, చాలా ఉన్నాయి. నేను చూపిస్తానని ముందే అనేశాను. మీరందరూ విన్నారు. అనకూడని మాట. గాలి ఆగిపోయింది. నాకేం తెలీలేదు. దాటలేదు. అందరినీ తీసుకుని వెనక్కి వచ్చేశాను. వాళ్ళకి కోపంగా ఉంది. మంచు ఇంకా అక్కడే ఉంది.” ఒక్కసారి ఆగింది. “ఏమే, వింటున్నావా? వెనక్కి వచ్చేశాను.”

బటను వదిలింది. రేడియో బుసబుసలాడింది. ఏ శిబిరం వాళ్ళూ మధ్యలో దూరలేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించి తెగిపోయింది, ఎవరో బటను మీద వేలు పెట్టి తీసేసినట్టు. మిస్ ఫెరియర్‌కి మా మాటలు తెలియవు, అయినా కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది. డిర్క్ ఏదో అడగబోతే ఆవిడ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. కౌనాక్ మైకుని రెండు చేతులతో పట్టుకుని బల్ల వైపు చూస్తోంది. పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగాయి, నేను వెళ్ళి ఆపలేదు. మోసెసీ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఇంక చాల్లే అన్నట్టు, దాని భుజం మీద చెయ్యి వెయ్యడానికి వంగాడు.

అప్పుడు రేడియోలో ఎవరో ఊపిరి పీల్చారు. ముసలి ఊపిరి. దగ్గరగా.

“వచ్చేశావా?” అంది మా అమ్మ. “ఎంత ఆలస్యం చేశావయ్యా. సరే, వచ్చావుగా. ఆ తడిబట్టలు విప్పి, వేడిగా ఏదైనా తాగు. నేనింక పడుకుంటాను.”